డాబా మీద చిట్టి చెట్లు, డెల్టా చలికాలం: తమ్ముడికి అక్క లేఖ

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అక్టోబరు ఆఖరున ఉద్యోగ విరమణ, కార్తీకంలోనే హైదరాబాద్ నుంచి అమలాపురం ఇంటికి రాక, డాబా మీద బోన్సాయ్ తోట. మరదలు కూడా సరేనందంటే నాకు ఇంకా సంతోషం. చలికాలం ముందుంది కనుక కుండీలకు గోనెపట్టా చుట్టాలా, పైన పాలిథిన్ కప్పాలా, కొన్నిటిని గదిలోకి మార్చాలా అని అడిగావు. ఈ మూడూ వద్దు.

నువ్వు చదివిన పద్ధతులు నీళ్లు గడ్డకట్టే దేశాలవి. అక్కడ చలికి కొమ్మకన్నా ముందు వేరు దెబ్బతింటుంది. నేలలో ఉన్న చెట్టు వేళ్లకు భూమి వెచ్చదనం కాపుగా ఉంటుంది. రెండు మూడు అంగుళాల లోతు పళ్లెంలో ఉన్న వేరుకు ఆ కాపు లేదు, మట్టి మొత్తం గడ్డకడుతుంది. అందుకే వాళ్లు కుండీలను నేలలో పాతిపెడతారు, ఎండుటాకులు కప్పుతారు, వేడి పెట్టని షెడ్డులో దాస్తారు. మన డెల్టాలో ధనుర్మాసపు తెల్లవారుజాము చలి సాధారణంగా 18, 20 డిగ్రీల దగ్గర ఆగుతుంది. రావికీ, జువ్వికీ, చింతకూ అది చలే కాదు. పాలిథిన్ కప్పితే పగటి ఎండకు లోపల ఆవిరి పట్టి ఆకు ఉడికిపోతుంది, బూజు పుడుతుంది.

మన దగ్గర చలికాలంలో చెట్టును చంపేది మనం పోసే నీళ్లు. ఇది నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. మన పాత ఇంటి నూతి గోడలో మొలిచిన రావి మొక్క నీకు గుర్తుందా? ఇల్లు అమ్మే ముందు దాన్ని గోడలోంచి తీసి తెచ్చుకున్నాను. ఉద్యోగానికి బడికి పోయే రోజుల్లో పొద్దున ఒక్కసారి నీళ్లు పోసి పరుగెత్తేదాన్ని. అలా తొమ్మిదేళ్లు బతికింది. నేను పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చున్న మొదటి చలికాలంలో చచ్చిపోయింది. రోజంతా తీరికే కదా, పొద్దున పోశాను, మధ్యాహ్నం పోశాను, సాయంత్రం మళ్లీ పోశాను. ఆకు పసుపుబారితే దాహమనుకొని ఇంకా పోశాను. చివరికి పళ్లెంలోంచి లేపి చూస్తే వేళ్లు నల్లగా మెత్తబడి కుళ్లు వాసన వచ్చాయి. అమ్మ చేద వేసి నీళ్లు తోడిన నూతి గోడ చెట్టు అది. ఇప్పటికీ నా మనసు ఊరుకోదు.

పగలు పొట్టి, ఎండ పలచన, గాలిలో తడి ఎక్కువ. ఆకు నీళ్లు తాగడం తగ్గిపోతుంది. మట్టిలో తడి అలాగే నిలిచి, వేళ్లకు గాలి అందదు. హైదరాబాద్ చలి పొడి చలి, అక్కడ కుండీ తొందరగా ఆరుతుంది. ఇక్కడ తెల్లవారేసరికి డాబా గచ్చు మీద మంచు నీళ్లు నిలుస్తాయి. అక్కడి అలవాటుతో ఇక్కడ పోయకు. చీపురుపుల్ల ఒకటి కుండీ అంచు దగ్గర మట్టిలోకి గుచ్చి ఉంచు. పొద్దున తీసి వేళ్లతో తడిమి చూడు. కింది భాగం తడిగా తగిలితే ఆ రోజు పోయవద్దు. పోసేటప్పుడు మాత్రం అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా నిండుగా పోయాలి. ఎండ కాస్త ముదిరాక, ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య. సాయంత్రం నీళ్లు ఈ మూడు నెలలూ మానెయ్. ఎడారి గులాబీ, అదే అడీనియం ఉంటే దానికి పది రోజులకు ఒకసారి చాలు. దాని దుంప నొక్కితే మెత్తగా ఉందంటే నీళ్లు ఎక్కువై కుళ్లుతూ ఉండవచ్చు.

ఎండ సంగతి చాలామంది పట్టించుకోరు. దక్షిణాయనంలో సూర్యుడు దక్షిణంగా వాలి నడుస్తాడు. మెట్ల గదికి ఉత్తరం వైపు పెట్టిన కుండీ జూన్‌లో ఎండలో ఉంటుంది, డిసెంబరులో రోజంతా నీడలో ఉంటుంది. మీ పక్కింటి కొబ్బరి చెట్ల నీడ కూడా అప్పుడు ఎక్కడిదాకా సాగుతుందో చూసుకో. పిట్టగోడ నీడ పడకుండా కుండీలను బల్లల మీదికి ఎత్తు. రెండు ఇటుక దిమ్మెల మీద ఒక కడప రాయి పరిస్తే బల్ల అయిపోతుంది, చెద పట్టదు.

ఆకుల మధ్య పిండినల్లి, పొలుసు పురుగు చేరతాయి. లీటరు నీళ్లలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి పది రోజులకోసారి కొట్టు. సార్వా వరి కోతలయ్యాక చుట్టుపక్కల గడ్డి తగలబెట్టే రోజుల్లో ఆకుల మీద మసి పేరుకుంటుంది. పొద్దున పూట మంచినీళ్లతో కడిగేస్తే చాలు. ఎరువు మాత్రం పుష్యం అయ్యేదాకా పెట్టకు. మాఘంలో చిగురు కదలగానే నానబెట్టిన వేరుశెనగ చెక్క నీళ్లు పలచగా పోయవచ్చు. అప్పటిదాకా రావి ఆకు రాల్చినా కంగారు పడవద్దు, చలికాలంలో అది చేసే పనే అది.

చలికన్నా నాకు భయం తుపానుది. నువ్వు వచ్చే నెలే తుపాన్ల నెల. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ ఎలా వణికిందో, తెల్లారి కొబ్బరి తోటలు ఎలా పడి ఉన్నాయో నేను కళ్లారా చూశాను. హెచ్చరిక రాగానే కుండీలన్నీ బల్లల మీద నుంచి దించి, మెట్ల గది గోడ చాటున ఒకదానికొకటి ఆనించి పెట్టు. చెట్టును పళ్లేనికి తాడుతో కట్టు. కుండీని ఒక పక్కకు కాస్త వంచి పెడితే కుండపోత నీళ్లు లోపల నిలవవు. సముద్రం వైపు నుంచి వీచిన గాలి ఉప్పు తెస్తుంది కనుక తుపాను వెళ్లిన మర్నాడే ఆకులు కడగాలి.

ఇక మట్టి. ఇక్కడే తోట నిలుస్తుంది, లేదా పోతుంది. పొలంలోంచి నల్లమట్టి తెచ్చి పళ్లెంలో నింపుతానని రాశావు. గోదావరి ఒండ్రు వరికి అమృతం, పళ్లేనికి సిమెంటు. తడిస్తే ముద్ద, ఆరితే రాయి. పాత ఇటుకలు దంచు. జల్లెడ పట్టి పొడి పారేసి, కందిగింజ నుంచి శనగగింజ దాకా ఉన్న ముక్కలు ఉంచుకో. అవి రెండు పాళ్లు, ముతక గోదావరి ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. కొబ్బరి పొట్టు కోనసీమలో అడుగడుగునా దొరుకుతుంది కానీ దానిలో ఉప్పు ఉంటుంది. నానబెట్టి, పిండి, మూడు నాలుగుసార్లు నీళ్లు మార్చాకే కలుపు. సముద్రపు ఇసుక ముట్టుకోవద్దు. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాన నీళ్లు తొట్టెలో పట్టి ఉంచు. వేసవిలో కాలువలు కట్టేశాక మంచినీళ్లకు ఇబ్బంది, రోజుకు రెండు పూటలా పోయాల్సింది కూడా అప్పుడే.

చెట్ల కోసం డబ్బు పోయకు. కడియం, కడియపులంక వెళ్తే నర్సరీలు వరుసగా ఉంటాయి. పాములా వంచి, పైన గుత్తి ఆకులు అంటుకట్టిన జువ్వి కుండీలు ముందు వరుసలో పెట్టి అమ్ముతారు. వాటిని దాటి వెనక్కి వెళ్లు. అమ్ముడుపోక మూలన మిగిలిపోయిన లావు మొదలు బోగన్‌విల్లానో, చింతనో, వెలగనో అడుగు. మొదలు కింద వేళ్లు నలువైపులా పాకిన చెట్టయితే తీసుకో. నా ఓటు చింతకే. దాని ఆకు సహజంగానే చిన్నది, బెరడు తొందరగా ముసలితనం చూపిస్తుంది, మన వాళ్లెవరికైనా చూడగానే ఊరి చెరువు గట్టు కళ్లకు కడుతుంది. రావి ఆకు పెద్దది, తగ్గించడానికి చాలా ఏళ్ల ఓపిక కావాలి. గింజ నుంచి మొదలుపెడితే ముందు మూడు నాలుగేళ్లు పెరట్లో నేలలోనే పెంచు. పళ్లెంలో మొదలు లావెక్కదు.

వేళ్లు కత్తిరించి కుండీ మార్చడం ఇప్పుడు చేయవద్దు. మాఘం దాటాక, చిగురు ఉబ్బేటప్పుడు చేద్దాం. ఒకేసారి మూడో వంతుకు మించి వేరు తీయకు. కొమ్మను వంచి రూపు దిద్దడానికి లోహపు తీగ చుట్టడం కూడా అప్పుడే నేర్పిస్తాను. వానాకాలంలో కొమ్మ త్వరగా లావెక్కి తీగ బెరడులోకి దిగిపోతుంది, వారం వారం చూడకపోతే ఆ గాటు ఏళ్ల తరబడి పోదు.

నువ్వు ముచ్చటపడి కొన్న చలి దేశాల చెట్టు జునిపెర్ సంగతి ఆఖరున రాస్తున్నాను, బాధపడతావని. దానికి ఏటా నిజమైన చలినిద్ర, అంటే చలికి ఎదుగుదల ఆపి విశ్రాంతి తీసుకునే కాలం, కావాలి, మన ఊళ్లో అది దొరకదు. పైగా జునిపెర్ చచ్చిపోయాక కూడా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. బతికే ఉందనుకొని నువ్వు సేవ చేస్తూ ఉంటావు. చలి ప్రాంతంలో ఉండే స్నేహితులెవరికైనా ఇచ్చి రా. దాని పళ్లెం మాత్రం ఖాళీ చేసి తెచ్చుకో. నా దగ్గర ఆరేళ్లుగా నేలలో పెరుగుతున్న చింత ఒకటి నీకోసం ఉంచాను. ఫిబ్రవరిలో మీ బావగారూ నేనూ వచ్చి, దాన్ని ఆ పళ్లెంలోకి మార్చి వెళ్తాం. ఇటుక ముక్కలు అప్పటికి జల్లెడ పట్టి సిద్ధంగా ఉంచు.

మీ అక్క