బియ్యప్పిండి స్వీట్ కప్పులు మొదలుపెడుతున్న శ్రావణికి

అమ్మడూ శ్రావణీ,

బియ్యప్పిండి, కొబ్బరిపాలతో స్వీట్ కప్పులు చేసి అమ్ముతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది. కానీ చిన్నపిల్లల కోసమని వినగానే టెన్షన్ కూడా పట్టుకుంది. ఎందుకో చెప్తాను, ముందు పని సంగతి చూద్దాం.

ఆహారం అమ్మడానికి కావాల్సిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించు. బియ్యం ఎప్పుడూ ఒకే రకం కొను. కొత్తవీ పాతవీ కలిపావంటే ఏ రోజు ఎలా గడ్డకడుతుందో చెప్పలేం.

రెండో రోజుకి కప్పులో నీరు ఊరుతోందట కదా. పిండి ఉడికినప్పుడు అందులోని ఎమైలోజ్, అంటే పొడవాటి పోగుల్లాంటి ఒక రకం పిండిపదార్థం, బయటికొస్తుంది. చల్లారాక ఆ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటూ మధ్యలోని నీటిని నెట్టేస్తాయి. జాంథాన్ గమ్ అని, చిక్కదనం కోసం వాడే ఒక పొడి ఉంటుంది. అది వేస్తే ఆ నీరు చాలావరకు లోపలే నిలుస్తుంది. కిలో మిశ్రమానికి రెండు గ్రాములతో మొదలుపెట్టు. ఎక్కువైతే నోట్లో జిగురుగా సాగుతుంది. నేరుగా వేడి పాలలో చల్లితే పైన తడిసి, లోపల పొడిగా ఉండలు కడుతుంది. ఆ ఉండలు ఎంత గిలక్కొట్టినా విడవవు. పదింతల పంచదారలో పొడిగా కలిపి, చల్లటి కొబ్బరిపాలను గిలక్కొడుతూ కొంచెం కొంచెం జల్లు. ఆ తర్వాతే పొయ్యి మీద పెట్టు. కిరాణా కాటాతో రెండు గ్రాములు తూచలేవు, చిన్న డిజిటల్ కాటా కొనుక్కో. గమ్ పొడి కింద ఒలికితే ముందు తడి లేకుండా ఊడ్చేయ్, తడి తగిలితే కాలు జారుతుంది.

గమ్ వేసిన కప్పు, వేయని కప్పు రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టు. పొద్దున కరిగాక ఊరిన నీళ్లు వంచి తూచు. తేడా నీకే తెలుస్తుంది.

ఇక నా భయం. జాంథాన్ ఒక్కటే వేస్తే స్వీటు మెత్తగా ఉంటుంది. బోర్లిస్తే అచ్చులా నిలబడాలంటే కొంజాక్ (ఒక దుంప నుంచి తీసే గమ్) కలపమని ఎవరో ఒకరు చెప్తారు. ఆ రెండూ కలిస్తే రబ్బరులా గట్టి జెల్లీ అవుతుంది. జెలటిన్ నోటి వేడికి కరుగుతుంది, ఇది కరగదు. చిన్న చిన్న కప్పుల్లో కొంజాక్ జెల్లీలు అమ్మినప్పుడు జరిగింది అదే. పిల్లలు కప్పు నొక్కి ఒక్కసారిగా నోట్లోకి పీల్చుకున్నారు. ముక్క సరిగ్గా గొంతుకు అడ్డుపడింది. నమిలే వీల్లేదు, కరిగేదీ కాదు. చాలా దేశాల్లో పిల్లలు చనిపోయారు. 2001లో అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ఎఫ్‌డీఏ హెచ్చరించింది, 2002లో ఐరోపా సమాఖ్య అమ్మకాలు ఆపింది. తయారుచేసిన వాళ్లు రుచి చూసుకున్నారు, రంగు చూసుకున్నారు. తినేది ఎంత గొంతో చూసుకోలేదు. మూడేళ్లప్పుడు నీకు ద్రాక్షపండు అడ్డుపడితే మీ పెదనాన్న నిన్ను బోర్లా పట్టుకుని వీపు మీద చరిచారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను, కోపం తెచ్చుకోకు తల్లీ.

నీ కప్పు వెడల్పుగా ఉండాలి, చెంచాతోనే తినాలి. చెంచా దించితే స్వీటు తేలిగ్గా తెగాలి. లేబుల్ మీద జాంథాన్ గమ్ పేరు, దాని కోడ్ నంబరు 415తో సహా రాయి. పసిపిల్లల ఆహారమని మాత్రం ఎక్కడా రాయకు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు జాంథాన్‌తో చిక్కబరిచే పదార్థం వాడొద్దని 2011లో ఎఫ్‌డీఏ చెప్పింది. కప్పులకు ఆర్డర్ ఇచ్చేముందు ఒకటి నాకు పంపు, చూసి చెప్తాను.

మీ పెద్దమ్మ