తామర ట్యూబును పారేయనివ్వకు

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. డెర్మటాలజీ మీద మనసు పడ్డావనీ, రిసెర్చ్ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదన్నావనీ అక్క చెప్పింది. అమలాపురానికి ఫోను చేసి నన్నే అడగవచ్చు కదా!

ముందు ఒకటి తేల్చుకో. ఇక్కడే ఎండీ చేయాలనుకుంటే నీట్ పీజీ ర్యాంకే దిక్కు. నీ పేరున పది రిసెర్చ్ పేపర్లున్నా ఒక్క మార్కు కలవదు. అమెరికా రెసిడెన్సీ, అంటే అక్కడి పీజీ శిక్షణ, సంగతి వేరు. 2022 జనవరి నుంచి అక్కడి లైసెన్సు పరీక్షలో మొదటి భాగమైన స్టెప్ 1కు స్కోరు లేదు, పాసా ఫెయిలా అంతే. ఇలాంటి గిరాకీ సీట్లకు పేపర్లు చూస్తారు.

ప్రశ్న కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. కాకినాడలో మీ కాలేజీ ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీలో ఒక వారం కూర్చో. తామరతో వచ్చేవాళ్లలో ఎంతమంది అప్పటికే స్టెరాయిడ్ క్రీము రాసుకుని వచ్చారో గమనించు. 2018లోనే వీటిని మందుల చట్టంలోని షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఏం రాశావమ్మా అంటే మాత్రం ‘ఏదో తెల్ల మందండీ’ అంటారు. రొయ్యల చెరువు మీద పనిచేసే ఒకావిడ జవాబు చెప్పలేక కొంగుముడి విప్పి, అడుగు నుంచి మూత దాకా చుట్టేసిన ట్యూబు నా బల్ల మీద పెట్టింది. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ మూడూ అందులోనే. రాసినన్నాళ్లూ దురద అణుగుతుంది, తామర మాత్రం రూపు మార్చుకుని పాకుతుంది. ఆ రోజు నుంచి అందరినీ ఖాళీ ట్యూబు తెమ్మంటున్నాను. ఎన్నాళ్లు రాశారు, ఎవరు చెప్పారు, ట్యూబు మీద ఏముంది: నీకు ఈ మూడు చాలు.

గైడుగా పెద్ద పేరున్న ప్రొఫెసర్ కంటే, రాసింది చదివి తిరిగిచ్చే అసిస్టెంట్ ప్రొఫెసర్ మేలు. వైద్య విద్యార్థుల రిసెర్చ్ కోసం ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ 1979 నుంచి ఉంది. రెండు నెలల పని, నీ ప్రశ్నకు సరిపోతుంది. ప్రకటన ఎప్పుడు వస్తుందో గైడును అడిగి ఉంచు.

రోగుల మీద చేసే రిసెర్చ్‌ను పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క రోగి వివరం కూడా రాయకు. పీజీలో నేను ‘వస్తుందిలే’ అనుకుని తొంభై మంది వివరాలు ముందే రాసుకున్నాను. అనుమతి తేదీకి ముందువేవీ చెల్లవన్నారు. ఆ నోటుబుక్కు ఇప్పటికీ అటక మీదే ఉంది, మీ అత్తయ్య పారేస్తానంటే ఒప్పుకోలేదు.

పేపర్లో పేర్ల వరుస పని మొదలుకాకముందే మాట్లాడుకో. మొహమాటపడితే తర్వాత ఏడుపే. పంపిన మూడో రోజే అంగీకరించామంటూ డబ్బు అడిగే జర్నల్‌కు నమస్కారం పెట్టి వచ్చేయి.

ప్రొఫార్మా, అంటే రోగి వివరాలు నింపే ఫారం, ఒక పేజీ దాటనివ్వకు. దసరా సెలవులకు వచ్చేటప్పుడు తీసుకురా, ఎర్ర పెన్ను నా దగ్గరుంది.

మీ మావయ్య