పేటెంట్ కన్నా ముందు పెట్టాల్సిన ఖర్చు వేరే ఉంది

ప్రశ్న: నా వయసు 41. ప్రైవేటు ఉద్యోగం. మెట్ల మీద, ఎగుడుదిగుడు నేల మీద నిచ్చెన ఊగకుండా నిలబెట్టే పాదం ఒకటి తయారు చేశాను. నిచ్చెన కాలికి తగిలిస్తే 15 సెం.మీ. వరకు కిందికి దిగి, బరువు పడగానే పన్ను (పంటి లాంటి కొక్కెం) పట్టుకుని తనంతట తానే బిగుసుకుంటుంది. ఒక సంస్థ దీనికి 'ప్రపంచవ్యాప్త పేటెంట్' తీసి, పెద్ద కంపెనీలకు చూపిస్తామని నా ఏడు నెలల జీతమంత అడుగుతోంది. ఇంటి మీద లోన్ తీసుకుని కట్టేయనా? లేక ఉద్యోగం మానేసి నేనే తయారీ మొదలుపెట్టనా? కాపీ కొడతారేమోనని ఇంతవరకు ఎవరికీ చూపించలేదు.

జవాబు: ఎవరికీ చూపించకపోవడం మంచిదైంది, ఇంకొన్నాళ్లు అలాగే ఉండండి. లోన్, రాజీనామా రెండూ పక్కన పెట్టేయండి. ఇక 'ప్రపంచవ్యాప్త పేటెంట్' అనేది లోకంలోనే లేదు. ఏ దేశం పేటెంట్ ఆ దేశంలోనే చెల్లుతుంది. 1970 నాటి పీసీటీ (పేటెంట్ సహకార ఒప్పందం) కింద 150కి పైగా దేశాలకు కలిపి ఒకే అంతర్జాతీయ దరఖాస్తు వేయొచ్చు గానీ, అది పేటెంట్ కాదు. ఆయా దేశాల్లో విడిగా ఫీజులు కట్టి, అనువాదాలు ఇచ్చి అడుగుపెట్టడానికి మొదటి దరఖాస్తు తేదీ నుంచి 30 లేదా 31 నెలల వ్యవధి ఇస్తుందంతే. అక్కడి పరీక్షలో నెగ్గడం ఆ తర్వాతి మాట. ఇది తెలిసి కూడా ఆ మాట వాడారంటే, ఆ సంస్థ గురించి ఒక అంచనాకు రావచ్చు.

ముందు డబ్బు ఎంత పెట్టవచ్చో తేల్చుకుందాం. ఆరు నెలల ఇంటి ఖర్చు, టర్మ్ ఇన్సూరెన్స్, ఆరోగ్య బీమా, పిల్లల చదువుకు దాచినది, వీటి జోలికి వెళ్లకూడదు. ఇవి తీసేశాక మిగిలిన పెట్టుబడుల్లో పదో వంతు మించకుండా ఒక మొత్తం విడదీయండి. పూర్తిగా పోయినా నిద్ర పట్టేంత మొత్తమే అయి ఉండాలి. ఎందుకంటే పోయే అవకాశమే ఎక్కువ. దానికి వేరే బ్యాంకు ఖాతా తెరిచి, ప్రతి ఖర్చుకూ రసీదు పెట్టుకోండి. రేపు ఎవరికైనా తయారీ హక్కు (లైసెన్స్) ఇచ్చినా, కంపెనీ పెట్టినా పన్ను లెక్కలకు అవి పనికొస్తాయి. అప్పు ఎందుకు వద్దంటున్నానంటే, ఈఎంఐ వచ్చే నెల నుంచే మొదలవుతుంది. పేటెంట్ మంజూరుకే రెండు మూడేళ్లు పట్టడం మామూలు. అప్పటిదాకా అది పైసా సంపాదించదు.

ఆ మొత్తాన్ని ఒకేసారి కుమ్మరించకండి. ప్రతి విడతా ఒక ప్రశ్నకు జవాబు కొనాలి. ఆ జవాబు 'కాదు' అయితే అక్కడే ఆగిపోవాలి.

మొదటి ప్రశ్న, ఇది కొత్తదేనా? దీనికి డబ్బు దాదాపు అక్కర్లేదు, రెండు మూడు వారాంతాలు చాలు. గూగుల్ పేటెంట్స్, ఎస్పాసెనెట్, పేటెంట్‌స్కోప్ మూడూ పాత పేటెంట్లు వెతికే ఉచిత వెబ్‌సైట్లు. 'నిచ్చెన పాదం' అని వెతికితే సరిపోదు. పేటెంట్ రాసేవాళ్లు దాన్ని 'సపోర్ట్ మెంబర్' అనో, 'ఎక్స్‌టెన్సిబుల్ లెగ్' అనో రాసి ఉంటారు. అందుకే వర్గీకరణ కోడ్ పట్టుకోవాలి. నిచ్చెనలన్నీ ఈ06సీ (E06C) కింద ఉంటాయి. మీ వస్తువుకు దగ్గరగా ఉన్న ఒక పాత పేటెంట్ దొరికితే, దాని మొదటి పేజీలో ఉన్న పూర్తి కోడ్ తీసుకుని ఆ కోడ్ కింద ఉన్నవన్నీ తిరగేయండి. ఆ పేటెంట్ ఎవరిని ఉదహరించింది, దాన్ని తర్వాత ఎవరు ఉదహరించారు అన్నవీ చూడండి. అసమాన నేల మీద నిచ్చెనను సరిచేసే పాదాలు చాలానే ఉన్నాయి కాబట్టి, మీకు మిగిలేది బహుశా 'బరువు పడగానే దానంతట అదే బిగుసుకోవడం' అన్న ఒక్క ముక్కే కావచ్చు. నిరాశపడకండి. పేటెంట్లు ఎక్కువగా అలాంటి ఒక్క ముక్క మీదే వస్తాయి. కాకపోతే అది ఆ పనిలో ఉన్నవాడికి ఇట్టే తట్టేది కాకూడదు.

ఇక్కడ చాలామంది రెండు ప్రశ్నల్ని కలిపేసి బోర్లా పడతారు. పాత పత్రంలో ఎక్కడైనా, బొమ్మలో అయినా సరే, మీ ముక్క కనిపిస్తే మీకు పేటెంట్ రాదు. అది గడువు తీరిన పేటెంటైనా అంతే. రెండోది: పేటెంట్‌లో 'ఇంతవరకు నా హక్కు' అని గీత గీసే వాక్యాలను క్లెయిమ్ అంటారు. ఇంకా బతికున్న పేటెంట్ ఒకదాని మొదటి క్లెయిమ్‌లో చెప్పిన భాగాలన్నీ మీ వస్తువులో ఉంటే, మీకు సొంత పేటెంట్ ఉన్నా మీరు దాన్ని తయారు చేయలేరు. పేటెంట్ అంటే ఇతరులను ఆపే హక్కు, తయారు చేసుకునే అనుమతి కాదు. కాబట్టి దగ్గరగా ఉన్న ఐదారు పేటెంట్ల మొదటి క్లెయిమ్‌ను ముక్కలుగా విడగొట్టి, పక్కన మీ వస్తువులో ఆ ముక్క ఉందో లేదో టిక్కు పెట్టండి. ఆ కాగితం తర్వాత పేటెంట్ ఏజెంట్ (దరఖాస్తు రాసి, వేసే నిపుణుడు) చేతిలో పెడితే ఆయన సమయం, మీ డబ్బు రెండూ మిగులుతాయి.

ఇంకో కాగితం కూడా తీయండి: మీ ఉద్యోగ ఒప్పందం. ఉద్యోగ కాలంలో కనిపెట్టినవన్నీ కంపెనీవే అనే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో డ్రాయింగ్ గీసి ఉంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. అలాంటి షరతు ఉంటే, ఈ ఆవిష్కరణ మీద తమకు హక్కు లేదని రాతపూర్వకంగా తీసుకున్నాకే ముందుకు కదలండి.

రెండో ప్రశ్న, వస్తువు నిజంగా నిలబడుతుందా? 'ఇంట్లో బాగా పని చేస్తోంది' అంటే చాలదు. ఇది మనిషి బరువు మోసే వస్తువు. నిచ్చెనల యూరప్ ప్రమాణం ఈఎన్ 131లో గరిష్ఠ బరువు 150 కిలోలు. 3డీ ప్రింట్ తీసిన పాదం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, పొరల అతుకు వెంట చీలిపోతుంది. పీఎల్ఏ (3డీ ప్రింటింగ్‌లో వాడే ప్లాస్టిక్) అయితే 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో ఆపిన కారు డిక్కీలోనే వంగిపోవచ్చు. ప్రింట్‌తో కొలతలు, కదలికలు సరిచూసుకోండి. బరువు పరీక్ష మాత్రం మిల్లింగ్ చేసిన (లోహపు దిమ్మను యంత్రంతో చెక్కిన) అల్యూమినియం లేదా స్టీలు నమూనాతోనే, మనిషి ఎక్కకుండా, ఇసుక బస్తాలతో చేయండి. పన్ను పట్టుకునే అంచు అరిగిపోవడం, ఇసుక రేణువు చేరి సగం పట్టుకోవడం, పక్కకు తోసినప్పుడు పిన్ను వంగడం, ఈ మూడింటినీ కావాలని చేసి చూడండి. విఫలమైన ముక్కలను తేదీ వేసి దాచండి. ఎక్కడ విరిగిందో అక్కడే కొన్నిసార్లు అసలైన ఆవిష్కరణ దొరుకుతుంది.

నమూనా చేయించే వర్క్‌షాపుతో గోప్యతా ఒప్పందం ముందే రాసుకోవాలి. అందులో 'బయటికి చెప్పను' అన్న వాక్యం ఒక్కటే ఉంటే ఉపయోగం తక్కువ. డ్రాయింగ్ ఫైళ్లు మీవేనని, పని మధ్యలో వాళ్లు సూచించిన మెరుగుదల కూడా మీకే చెందుతుందని, మిగిలిన ముక్కలు తిరిగి ఇవ్వాలని ఉండాలి. పెద్ద తయారీదారులు మాత్రం బయటివాళ్లతో ఇలాంటి ఒప్పందంపై సాధారణంగా సంతకం పెట్టరు. వాళ్ల దగ్గరికి దరఖాస్తు తేదీ చేతికొచ్చాకే వెళ్లాలి.

ఆ తేదీ సంగతికొద్దాం. నోటుబుక్కులో ముందు రాసుకున్నవాడిది కాదు, ముందు దరఖాస్తు వేసినవాడిదే పేటెంట్. అమెరికా కూడా 2013 మార్చి 16 నుంచి ఈ పద్ధతికే వచ్చింది. వివరాలు కవర్లో పెట్టి తనకు తానే రిజిస్టర్డ్ పోస్టు పంపుకునే చిట్కా ఇంకా ప్రచారంలో ఉంది. దాని విలువ తపాలా ఖర్చు దాటదు. నోటుబుక్కు వృథా అనడం లేదు. కనిపెట్టింది మీరేనా, మిత్రుడా అన్న తగాదా వస్తే అదే సాక్ష్యం. కానీ అది తేదీని ఇవ్వదు.

ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు ఉన్న దేశాల్లో, అంటే భారత్, అమెరికా, ఆస్ట్రేలియా వంటి చోట్ల, తక్కువ ఖర్చుతో ముందు అది వేసుకోవచ్చు. వేసిన రోజు నుంచి 12 నెలల్లో పూర్తి దరఖాస్తు వేయాలి. ఇతర దేశాల్లో అదే తేదీని వాడుకోవడానికీ గడువు ఆ 12 నెలలే. ఇది 1883 నాటి పారిస్ ఒప్పందం ఇచ్చిన హక్కు. ఒక జాగ్రత్త: భారత్, అమెరికా, చైనా వంటి దేశాల్లో, అక్కడ పుట్టిన ఆవిష్కరణకు (భారత్‌లో అయితే అక్కడ నివసించేవారికి) ముందుగా విదేశంలో దరఖాస్తు వేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి.

ప్రొవిజనల్ చౌక కదా అని అర పేజీ రాసి పడేసేవాళ్లే ఎక్కువ. డబ్బు పోయేది అక్కడే. మీరు రాసినదానికే ఆ తేదీ వర్తిస్తుంది, మనసులో అనుకున్నదానికి కాదు. ఉదాహరణకు మీరు 'పాదం 15 సెం.మీ. దిగుతుంది, పన్ను స్ప్రింగుతో పట్టుకుంటుంది' అని మాత్రమే రాశారనుకుందాం. నాలుగో నెలలో స్ప్రింగు బదులు క్యామ్ (తిరుగుతూ నొక్కిపట్టే ముక్క) పెడితే మేలని తెలిసి, క్యామ్‌తో ఉన్నదాన్ని అమ్మడం మొదలెట్టారు. పదకొండో నెలలో పూర్తి దరఖాస్తులో క్యామ్ చేర్చారు. క్యామ్‌కు పాత తేదీ రాదు, మీ సొంత అమ్మకమే మీకు అడ్డొస్తుంది. అందుకే 5 నుంచి 30 సెం.మీ. వరకు అని, స్ప్రింగు గానీ క్యామ్ గానీ స్క్రూ గానీ అని, అల్యూమినియం, స్టీలు, గాజునార కలిపిన నైలాన్ అని, పాదం కింది రబ్బరు స్థిరంగా ఉన్నా కీలుతో తిరిగినా అని, తోచిన రూపాలన్నీ బొమ్మల్లో అంకెలు వేసి రాయండి. ఇంత వివరం ఉన్నాక ఏజెంట్‌కు ఇస్తే క్లెయిమ్స్ గట్టిగా వస్తాయి. ఏజెంట్‌ను డ్రాఫ్టింగ్‌కు ఎంత, దాఖలుకు ఎంత, పరీక్షాధికారి అభ్యంతరాలకు ఒక్కో జవాబుకు ఎంత అని విడివిడిగా అడగండి. బడ్జెట్‌ను తలకిందులు చేసేది మూడోదే. దాన్ని మొదటి కొటేషన్లో చాలామంది చెప్పరు.

దరఖాస్తు పడేవరకు వీడియో, ప్రదర్శన, అమ్మకం ఏదీ వద్దు. అమెరికాలో సొంతంగా బయటపెట్టినదానికి 12 నెలల వెసులుబాటు ఉంది. యూరప్‌లో, చాలా అరుదైన సందర్భాల్లో తప్ప, లేదు. వస్తువు ఆకారం ప్రత్యేకంగా ఉంటే డిజైన్ రిజిస్ట్రేషన్ వేరే తీసుకోండి, తక్కువలో అయిపోతుంది.

మూడో ప్రశ్న, కొనేవాళ్లున్నారా? ఆ 12 నెలలు మీకున్నది దీనికే. ఇంజెక్షన్ మోల్డ్ (కరిగిన ప్లాస్టిక్ పోసే అచ్చు) జోలికి ఇప్పుడే పోకండి. స్టీలు అచ్చు ఒకసారి చెక్కాక మార్పు చేయడమంటే దాదాపు మళ్లీ డబ్బు పోయడమే. గోడ మందం ఒకేలా లేకపోతే గుంటలు పడతాయి, ఒకటి రెండు డిగ్రీల వాలు ఇవ్వకపోతే ముక్క అచ్చులోంచి ఊడి రాదు. మొదటి 30, 40 ముక్కలు మిల్లింగ్‌తో చేయించండి. ఒక్కోటి ఖరీదెక్కువే, కానీ మొత్తం మీద అచ్చు కన్నా చాలా తక్కువ. రంగులు వేసేవాళ్లు, కరెంటు పనివాళ్లు వంటి నిచ్చెన మీద బతికేవాళ్లకు డబ్బు తీసుకునే ఇవ్వండి. ఉచితంగా ఇస్తే అందరూ బాగుందంటారు. ఇచ్చేముందు ప్రొడక్ట్ లయబిలిటీ బీమా (వస్తువు వల్ల ఎవరికైనా గాయమైతే పరిహారం భరించేది) సంగతి తేల్చుకోండి. బీమా కంపెనీ కవర్ ఇవ్వనంటే, పరీక్ష ఇంకా పూర్తికాలేదని అర్థం చేసుకుని ఆగండి.

లెక్క ఇలా వేయండి, నోటు ఏ దేశానిదైనా. తయారీకి 100 అయితే, దుకాణం లాభం, పంపిణీ, వాపసులు కలిపి షెల్ఫ్ మీద 400 దాకా పలకాలి. ఆ ధరకు ఎవరూ కొననంటే డిజైనే మార్చాలి. లైసెన్స్ ఇస్తే, కంపెనీ టోకున 200కు అమ్మినదానిపై 5 శాతం, అంటే ముక్కకు 10 వస్తుంది. ఏడాదికి 10,000 ముక్కలు పోతే లక్ష. ఆరు దేశాల్లో పేటెంట్లు నిలబెట్టే ఖర్చు ఈ లక్షను మింగేస్తుందా లేదా అన్నది చూసుకున్నాకే దేశాలు ఎంచుకోండి. అమ్ముడుపోయే ఒకటి రెండు దేశాలు, పోటీదారు ఫ్యాక్టరీ ఉన్న దేశం, అంతవరకే చాలు. పేటెంట్ 20 ఏళ్లు బతకాలంటే నిర్వహణ ఫీజులు గడువు ప్రకారం కడుతూ పోవాలని మరచిపోవద్దు. లైసెన్స్ ఒప్పందంలో కనీస వార్షిక రాయల్టీ, అది చెల్లించకపోతే ప్రత్యేక హక్కు రద్దు, వాళ్ల లెక్కలు తనిఖీ చేసే హక్కు, ఈ మూడూ లేకపోతే సంతకం పెట్టకండి. ప్రత్యేక హక్కు తీసుకుని వస్తువును అటక మీద పడేసే కంపెనీలూ ఉంటాయి.

వర్క్‌మేట్ అనే మడత పని బల్లను కనిపెట్టిన రాన్ హిక్‌మన్‌ను చాలా కంపెనీలు వెనక్కి పంపాయి. ఆయన కొంతకాలం సొంతంగా మెయిల్ ఆర్డర్‌లో అమ్మి చూపించాకే బ్లాక్ అండ్ డెకర్ లైసెన్స్ తీసుకుంది. బేరంలో పేటెంట్ కన్నా అమ్మకాల చిట్టా బలంగా పని చేస్తుందని నా అభిప్రాయం. ఇక పేటెంట్ ఉన్నంత మాత్రాన కాపీ ఆగదు. ఆగి ఆగి తుడిచే వైపర్ కనిపెట్టిన రాబర్ట్ కెర్న్స్ ఫోర్డ్ మీద 1978లో దావా వేస్తే, 1.02 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది 1990లో.

ఆ సంస్థకు ఒక చిన్న ఉత్తరం రాయండి. అమెరికాలో 1999 చట్టం ప్రకారం ఇలాంటి ప్రమోటర్లు కొన్ని అంకెలు రాతపూర్వకంగా చెప్పి తీరాలి: ఐదేళ్లలో ఎన్ని ఆవిష్కరణలు పరిశీలించారు, వాటిలో ఎన్నిటికి అనుకూలంగా చెప్పారు, తమ సేవ వల్ల ఎంతమంది ఖాతాదారులకు నికరంగా లాభం వచ్చింది, ఎంతమందికి లైసెన్స్ దొరికింది. మీ దేశంలో ఆ చట్టం లేకపోయినా అవే అంకెలు అడగండి, జవాబొచ్చే వరకు ఏమీ కట్టకండి. ప్రొవిజనల్ వేసిన రోజే క్యాలెండర్‌లో తొమ్మిదో నెల చివరి తేదీకి గుర్తు పెట్టుకోండి. ఆనాటికి డబ్బిచ్చి కొన్న పది మందైనా లేకపోతే పూర్తి దరఖాస్తుకు డబ్బు పెట్టకండి. ఉంటే వెంటనే ఏజెంట్‌ను కలవండి, డ్రాఫ్టింగ్‌కు ఆయనకు కనీసం నాలుగు వారాలు కావాలి.