కదిలే పార్ట్స్ లేని గ్యాస్ మీటర్: తలనొప్పంతా జీరో దగ్గరే

లోపల ఏదీ కదలకుండా, అరచేతిలో పట్టేంత ఇంటి గ్యాస్ మీటర్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌గా చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చండీ, బ్రిటన్‌లో 1990ల నుంచే ఇళ్ళల్లో అల్ట్రాసోనిక్ (చెవికి వినబడని సౌండ్‌తో కొలిచే) మీటర్లు పెడుతున్నారు. అలాంటి మీటర్ ఫర్మ్‌వేర్ (లోపల నడిచే సాఫ్ట్‌వేర్) మీద నేను మూడేళ్ళు పనిచేశా కాబట్టి ఎక్కడ దెబ్బతింటారో చెప్తా.

మన పైప్ గ్యాస్‌కి ఉండే డయాఫ్రమ్ మీటర్‌లో తిత్తులు నిండుతూ ఖాళీ అవుతూ ఉంటాయి, అందుకే అంత పెద్ద డబ్బా. అల్ట్రాసోనిక్‌లో ట్యూబ్‌కి రెండు చివర్లా రెండు ట్రాన్స్‌డ్యూసర్లు (సౌండ్ పంపి, వినే బిళ్ళలు), అంతే. గ్యాస్ వెళ్ళే వైపు సౌండ్ కాస్త ముందు చేరుతుంది, ఎదురు వచ్చేది కాస్త లేటు. రెండు టైమ్‌ల రెసిప్రోకల్స్ (1/టైమ్) తీసుకుని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే సౌండ్ స్పీడ్ క్యాన్సిల్ అయిపోతుంది, అంటే లోపల గాలి ఉన్నా మీథేన్ ఉన్నా ఫార్ములా ఒకటే.

ఇక్కడిదాకా ఈజీనే. 17 సెంటీమీటర్ల ట్యూబ్‌లో గాలి సెకనుకి ఒక సెంటీమీటర్ కదిలితే ఆ రెండు టైమ్‌ల తేడా దాదాపు 29 నానోసెకన్లే. ఒకసారి మేం రెండు చివర్లూ రబ్బరు బిరడాలతో బిగించి ఇంటికెళ్ళాం, రాత్రి ఏసీ ఆగిపోయింది, గాలి కదలదు కాబట్టి రీడింగ్ జీరో ఉండాలి, కానీ పొద్దున లాగ్ చూస్తే సరిగ్గా అంత తేడా, మా ట్యూబ్‌కి అది గంటకి 7 లీటర్లు. నెలకి లెక్కేస్తే స్టవ్ వెలిగించకుండానే 5 ఘనపు మీటర్ల బిల్లు! కారణమేంటంటే రెండు ట్రాన్స్‌డ్యూసర్లూ వేడికి ఒకేలా మారవు. పంపేటప్పుడూ వినేటప్పుడూ రెండింటికీ ఒకే ఇంపెడెన్స్ (కరెంట్‌కి సర్క్యూట్ చూపే అడ్డు) కనబడేలా సర్క్యూట్ మార్చాక ఆ తేడా చాలావరకు దానంతటదే కొట్టుకుపోయింది. ఒకేలా ఉన్న ట్రాన్స్‌డ్యూసర్లని జతగా ఏరడం కూడా ట్రై చేశాం, దండగ.

ఇంకోటి, 200 కిలోహెర్ట్జ్ సౌండ్ వాడితే ఒక సైకిల్ (ఒక పూర్తి కంపనం) 5 మైక్రోసెకన్లు. వచ్చిన సిగ్నల్‌లో పక్క సైకిల్‌ని పట్టుకున్నారా, రీడింగ్ ఎక్కడికో ఎగురుతుంది.

టెస్టింగ్‌కి గ్యాస్ జోలికి అస్సలు వెళ్ళకండి, గాలి చాలు. కింద కుళాయి ఉన్న 20 లీటర్ల వాటర్ క్యాన్ తీసుకుని, మూతికి మీటర్‌ని గాలి చొరకుండా బిగించి కుళాయి తిప్పండి, ఎంత నీళ్ళు దిగితే అంత గాలి మీటర్‌లోంచి లోపలికి వెళ్ళాలి. కారిన నీళ్ళు కొలజగ్గులో పట్టి రీడింగ్‌తో పోల్చుకోండి. ధార సన్నం చేసి చుక్కల దాకా తెస్తే తక్కువ ఫ్లోలో మీ మీటర్ సంగతి బయటపడుతుంది, మాది మొదటిసారి చుక్కల దగ్గర వెనక్కి తిరిగినట్టు చూపించింది.