దిద్దని కథ గురించి

మిత్రమా, నమస్కారం.

మీ కథ అందింది. దానికంటే ముందు మీ ఉత్తరం చదివాను. "ఒక్క రాత్రిలో రాశాను, ఆ తరువాత ఒక్క అక్షరమూ మార్చలేదు" అని మీరు గర్వంగా రాసుకున్న మాట నన్ను బాధపెట్టింది. ఈ జవాబు రాయిస్తున్నది అదే.

కొడుకు ఎక్కిన రైలు కదిలిపోయాక పులిహోర డబ్బా తల్లి చేతిలోనే మిగిలిపోయిందన్న చోట నేను చాలాసేపు ఆగిపోయాను. అక్కడ మీరూ ఆగవలసింది. మాతృప్రేమ గొప్పదనం వివరిస్తూ ఇంకా మూడు వాక్యాలు రాశారు. మర్నాడు పొద్దున ఒక్కసారి చదువుకొని ఉంటే వాటిని మీరే కొట్టేసేవారు.

గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. జనం మెచ్చిన ఆ నాటకాన్ని ఆయన అలాగే ఉండనివ్వలేదు. దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో మళ్లీ ప్రచురించారు. ఈనాడు మనం తలచుకొనే మధురవాణి చాలావరకు ఆ రెండో రచనలో ఎదిగిన మనిషే. ఆ మరుసటి ఏడు అచ్చయిన ఆయన కథ పేరు 'దిద్దుబాటు'. పలక మీద ఓనమాలు రాయడాన్నీ, రాసినదానిలో తప్పు సవరించడాన్నీ మనం దిద్దడమనే అంటాం. అది తలచుకున్నప్పుడల్లా నాకు ధైర్యం కలుగుతుంది.

నా తొలి కథలో కోతకు వచ్చిన వరిచేలో మోకాలి లోతు నీళ్లు నిలబెట్టాను. సంపాదకుడు అది గమనించలేదు గాని, నా పాత్రల నోట ఉన్న శ్రీకాకుళం మాటలన్నింటినీ పుస్తకాల తెలుగులోకి మార్చి అచ్చువేశాడు. ఆ కోపం నలభై ఏళ్లయినా చల్లారలేదు. కోతకు ముందే చేలో నీళ్లు తీసేస్తామని ఒక రైతు కార్డు రాశాడు. సిగ్గుతో వారం రోజులు కలం ముట్టలేదు. తరువాత ఆ కార్డును బల్ల ఎదుట గోడకు అంటించుకొని, రోజూ తెల్లవారుజామున ఒక పేజీ రాయడం, నిన్నటి పేజీని చేత్తో మళ్లీ రాయడం మొదలుపెట్టాను. తిరిగి రాయడానికి చేయి బద్ధకించిన వాక్యం చాలాసార్లు కథకు అక్కరలేని వాక్యమేనని ఆ పనిలోనే తెలిసింది. సంక్రాంతి పోటీ, ఉగాది పోటీ అంటూ గడువుల వెంట పరుగెత్తించే అలవాటు ఎందరో మంచి కథకులను తొలి ప్రతి దగ్గరే నిలిపివేసింది. మీరు ఆ వరుసలో చేరకూడదనే నా ఆరాటం.

మీ ప్రతిని తిరిగి పంపుతున్నాను. చింపవద్దు. పది రోజులు దాచి, దానివైపు చూడకుండా కథను మళ్లీ రాయండి. ఆ తల్లి డబ్బా పట్టుకొని స్టేషను నుంచి ఇంటికి ఎలా నడిచి వెళ్లిందో మీకు ఇంకా తెలియదనిపిస్తోంది. తెలిశాక నాకు రాయండి.