ఏ పుస్తకం, ఏ కూర్పు, ఎక్కడ మొదలు?

ప్రశ్న: 'కన్యాశుల్కం' రెండుసార్లు పట్టుకుని మొదటి అంకంలోనే వదిలేశాను. ఎలా చదవాలి? ఏ ప్రతి కొనాలి? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: కొనేముందు అంకాలు లెక్కపెట్టండి. ఏడుంటే గురజాడ తిరగరాసి పెంచిన 1909 కూర్పు. మీకు కావలసింది అదే. ఐదే ఉంటే 1897 నాటి మొదటి కూర్పు, రెండూ పోల్చి చూసేవాళ్లకి పనికొస్తుంది. అట్ట మీద 'సంక్షిప్తం' అని ఉంటే ముట్టుకోవద్దు. ఈ నాటకానికి ప్రాణం మాటల్లో ఉంది, కుదించేవాళ్ల కత్తెర ముందు పడేది వాటిమీదే.

మీరు ఆగినచోటే చాలామంది ఆగుతారు. బొంకులదిబ్బ దగ్గర గిరీశం తనలో తాను మాట్లాడుకుంటూ ఇంగ్లీషు దంచేస్తాడు, కథ కదలదు. తెలియని ఇంగ్లీషు ముక్కలు దాటేయండి. ఆయనగారి గొప్పల్లో అర్థం కన్నా మోతే ఎక్కువ. రెండో అంకంలో కృష్ణరాయపురం అగ్రహారం చేరాక కథ అందుకుంటుంది. అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి 1800 రూపాయలకి కట్టబెట్టబోతున్నాడని అక్కడే తెలుస్తుంది.

విజయనగరం యాస కంటికి కొరుకుడుపడదు. పైకి చదవండి, చెవికి పట్టుబడుతుంది. ఇంట్లో ఇంకొకరుంటే పాత్రలు పంచుకోండి, పూటకో అంకం చాలు. మారువేషాలు మొదలయ్యాక తికమక తప్పదు: కరటకశాస్త్రి శిష్యుడే ఆడపిల్ల వేషంలో పెళ్లికూతురవుతాడు. ఎవరు ఎవరికేమవుతారో చీటీ మీద రాసి పేజీల మధ్య పెట్టుకోండి.

ప్రశ్న: మా పదిహేనేళ్ల అబ్బాయికి తెలుగు థ్రిల్లర్లు చెప్పండి. (ఒక తండ్రి, బెంగళూరు)

జవాబు: కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలతో మొదలుపెట్టించండి. దేనికదే పూర్తి కథ, వరుస చూడనక్కర్లేదు. యండమూరి 'తులసిదళం' చదివాకే దాని కొనసాగింపు 'తులసి'. 'తులసిదళం'లో చేతబడికి బలయ్యేది చిన్నపిల్ల కాబట్టి ముందు మీరు చదివి ఇవ్వండి. యండమూరివి రెండూ వారపత్రికలో సీరియల్‌గా వచ్చినవి, ప్రతి భాగం చివరా ఓ మలుపు ఉంటుంది. ఏకబిగిన చదివితే ఆ మలుపులే విసిగిస్తాయి. రెండు మూడు భాగాలకోసారి ఆపితే సరి.

ప్రశ్న: తెలంగాణ సాయుధ పోరాటం మీద ఒక్క పుస్తకం చదివితే చాలా? (పోటీ పరీక్షల అభ్యర్థి, వరంగల్)

జవాబు: చాలదు. కనీసం రెండు కావాలి, ఆ రెండూ ఒకదానితో ఒకటి విభేదించాలి. ముందు రావి నారాయణరెడ్డి 'వీర తెలంగాణ', తర్వాత పుచ్చలపల్లి సుందరయ్య 'వీర తెలంగాణ విప్లవ పోరాటం, గుణపాఠాలు'. రెండోది లావు పుస్తకం. పోలీసు చర్య (హైదరాబాదు సంస్థానంలోకి భారత సైన్యం రావడం) జరిగిన 1948 సెప్టెంబరు నుంచి పోరాటం విరమించిన 1951 అక్టోబరు దాకా ఉన్న భాగాన్ని రెండింట్లోనూ పక్కపక్కన పెట్టి చదవండి. సైన్యం వచ్చాక ఆయుధాలు దించాల్సిందని రావి వాదం, భూమి నిలుపుకోవడానికి కొనసాగించక తప్పలేదని సుందరయ్య వాదం. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలాక రావి సీపీఐలో ఉన్నారు, సుందరయ్య సీపీఎం ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ తర్వాత, 1972లో వచ్చిన సుందరయ్య పుస్తకంలో చీలిక నీడ పడకుండా ఎలా ఉంటుంది? తేదీ, ఊరు, సంఘటన అని మూడు గళ్లు గీసుకుని, రెండు పుస్తకాలూ ఒప్పుకున్నవాటికి టిక్కు పెట్టండి. మిగిలినవి వాదాలుగానే గుర్తుపెట్టుకోండి.

ఇంకో రెండు పుస్తకాల గురించి ఓ మాట. పి.వి. నరసింహారావు 'లోపలి మనిషి' హాయిగా చదవండి గానీ అది నవల. అందులోని రాష్ట్రం అఫ్రోజాబాద్ కల్పితం, పరీక్షలో ఉదహరించకండి. ప్రకాశం పంతులు 'నా జీవిత యాత్ర' చదివేటప్పుడు నాలుగో భాగం దగ్గర జాగ్రత్త. అది రాసింది ఆయన కాదు, తెన్నేటి విశ్వనాథం.