క్రియల వల్ల కాదంటారు, మళ్లీ లిస్టు ఇస్తారు. ఏది నిజం?

మీరు అడిగింది ఇది: "రక్షణ, అంటే పాపాల నుంచి విడుదల, మన క్రియల వల్ల కాదు, విశ్వాసం ద్వారా కృప వల్లే అని చర్చిలో చెబుతారు. అదే ప్రసంగం చివర్లో ఉపవాసం, దశమభాగం, పరిచర్య అని లిస్టు చదువుతారు. ఏది నమ్మాలి? కృపే అయితే ఎలా బతికినా ఫర్వాలేదా?"

నేను పాస్టర్ని కాను. చెన్నైలో, గిండీలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఈ రెండింటి మధ్య చాలా ఏళ్లు నలిగినవాడిగా రాస్తున్నాను.

మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. 1842లో హెయర్ దొర గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషన్ తాలూకు వాళ్లం. అంటే పుట్టుకతోనే "కృప మాత్రమే" పార్టీ అన్నమాట. కానీ 2011లో చెన్నై వచ్చాక నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. ఎడమ పేజీలో జీతం, అందులో పదో వంతు. కుడి పేజీలో ఉపవాసం ఉన్న శుక్రవారాలు, చదివిన అధ్యాయాలు. తప్పిన రోజుకి ఎర్ర పెన్నుతో సున్నా. నెలాఖరుకి ఆఫీసు లెక్కలు ముగించి ఇంటికొచ్చి దీన్ని ముగించేవాణ్ణి.

ఏటా ఆగస్టు చివర బీసెంట్ నగర్‌లో కాథలిక్కుల వేళాంగణ్ణి మాత గుడికి కాషాయం కట్టుకుని కాలినడకన వెళ్లేవాళ్లు రోడ్డు మీద కనిపిస్తారు. 29న జెండా ఎక్కుతుంది, సెప్టెంబర్ 8న పండుగ. వాళ్లని చూసి "పాపం, నడిచి పుణ్యం సంపాదిద్దామనుకుంటున్నారు" అని మా ఆవిడతో అనేవాణ్ణి. నోట్‌బుక్ సంగతి తెలిసిన మనిషి కాబట్టి ఆవిడ ఏమీ అనేది కాదు.

నాన్నకి షుగర్ ముదిరి కాలి వేలు తీసేసిన నెలలో దశమభాగం ఇవ్వలేకపోయాను. అప్పట్లో మేం వెళ్లే సంఘంలో (పేరు వద్దు) ఒక పెద్దమనిషి "దేవుడి సొమ్ము ఆపితే ఆసుపత్రి లాక్కుంటుంది" అన్నాడు. కోపం రావాలి కదా? రాలేదు. ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో బాకీ రాసుకున్నాను.

2015 డిసెంబర్ 1 రాత్రి అడయార్ నది పొంగింది. మేం సైదాపేటలో కింది వాటాలో ఉండేవాళ్లం. నాలుగేళ్ల పాపని భుజాన వేసుకుని మేడ మీదికి పరిగెత్తితే, ఓనరమ్మ తన మంచం మాకిచ్చి తను చాప వేసుకుంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. పాల ప్యాకెట్ వంద రూపాయలు పలికింది.

మూడో తేదీన వీధి చివరికి మసీదు కుర్రాళ్లు అన్నం ప్యాకెట్లు తెచ్చారు. ప్రతి క్రిస్మస్‌కీ దుప్పట్లు పంచే బల్లకి ఇవతలి వైపు నిలబడి అలవాటు నాకు. లైన్లో నిలబడటం అదే మొదటిసారి. ముందున్న మనిషి వీపు చూస్తూ, తెలిసినవాళ్లెవరూ చూడకూడదని తల దించుకుని నిలబడ్డాను. జేబులో ఒక్క ఐదొందల నోటుంది. నా వంతు రాగానే దాన్ని ముందుకు చాపాను.

"కాసెల్లాం వేణాంణా. ఎత్తన పేరు?" అన్నాడు. డబ్బులొద్దు, ఎంతమంది అని. ముగ్గురం అన్నాను. మూడు ప్యాకెట్లు పెట్టాడు. నేను ఊరుకోలేదు. మసీదుకైనా తీసుకోమని నోటు మళ్లీ చాపాను. అప్పుడా కుర్రాడి మొహం మారింది. "ఇదు విక్కరదు ఇల్లణా" అన్నాడు. అమ్మేది కాదన్నా అని. నోటు జేబులో పెట్టుకుని వచ్చేశాను. అరటాకులో లెమన్ రైస్, ఇంకా వేడిగా ఉంది. తింటున్నంతసేపూ మనసులో దాని ఖరీదు కడుతూనే ఉన్నాను. మూడు ప్యాకెట్లు, నలభై చొప్పున నూటిరవై.

బైబిల్లో పౌలు రాసిన ఉత్తరం, రోమా పత్రిక, అందులో నాలుగో అధ్యాయం నాకు అర్థం కావడం ఆ అన్నం దగ్గర మొదలైంది. పని చేసేవాడికి ఇచ్చే జీతం దానం కాదు, బాకీ అంటాడు పౌలు. ఇది నా రోజువారీ పని! నెలాఖరుకి జీతాలని కంపెనీ చెల్లించాల్సిన అప్పు కిందే రాస్తాం. జీతం పడిందని కంపెనీకి దండం పెట్టేవాళ్లని నేను చూడలేదు. నా నోట్‌బుక్ కూడా అదే పని చేస్తోంది. దేవుణ్ణి నాకు బాకీదారుణ్ణి చేయాలని చూస్తోంది.

అదే అధ్యాయంలో అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా "ఎంచబడెను" అని ఉంటుంది. ఎంచడమంటే లెక్కించడమే. గ్రీకులో ఉన్న మాట కూడా పద్దులు రాసేటప్పుడు వాడేదే. తారీఖులు చూడటం నాకు జబ్బు కాబట్టి అవీ చూశాను. నీతిగా ఎంచబడ్డ సంగతి ఆదికాండం 15లో ఉంది. ఆ తర్వాత కొడుకు ఇష్మాయేలు పుట్టేనాటికి అబ్రాహాముకి 86 ఏళ్లు, సున్నతి జరిగేనాటికి 99. అంటే అతను ఆ ఆచారం పాటించడానికి కనీసం 13 ఏళ్ల ముందే జమ పడిపోయింది. పౌలు వాదనంతా ఈ వరస మీదే నిలబడింది.

"క్రియలు లేని విశ్వాసము మృతము" అన్న యాకోబు మాటో అంటారా? ఆయన చూపించేది ఆదికాండం 22, ఇస్సాకుని బలిపీఠం మీద పెట్టిన ఘట్టం. అది ఇంకా చాలా ఏళ్ల తర్వాతది. పౌలు చెప్పేది చెట్టు వేరు గురించి, యాకోబు చెప్పేది బతికున్న వేరుకి కాయ కాస్తుందని. నాకు ఇద్దరి మధ్యా గొడవ కనపడలేదు.

మన భాషతో ఒక ఇబ్బంది కూడా ఉంది. ఎఫెసీ 2:8లో "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అని చదువుతాం. తెలుగువాడికి వరం అనగానే ఏం గుర్తొస్తుంది? ఒంటికాలి మీద తపస్సు, ఆ తర్వాత బ్రహ్మ ప్రత్యక్షం. అంటే కష్టపడి రాబట్టుకున్నదే వరం. అక్కడ గ్రీకులో ఉన్నది ఉత్త బహుమతి అనే మాట. పోనీ కానుక అందామా అంటే, చర్చిలో కానుక మనం సంచిలో వేసేది! 1726లో మద్రాసు వచ్చి తెలుగు నేర్చుకున్న జర్మన్ లూథరన్ షుల్జ్ నుంచి ఎవరు అనువదించినా ఈ మాటల్లోంచే ఏరుకోవాలి కదా. నాకైతే "ఇదు విక్కరదు ఇల్ల" అన్న తమిళమే దగ్గరగా తగిలింది.

ఈ కృప మాట మా లూథరన్ల లాంటి ప్రొటెస్టెంట్ల సొంత ఆస్తి అనుకునేవాణ్ణి. 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టాయి. దేవుడు మనల్ని అంగీకరించేది మన అర్హత చూసి కాదు, కృప చేతనే అని రెండూ ఒప్పుకున్నాయి. తేడాలన్నీ పోలేదు. కానీ వేళాంగణ్ణి గుడికి నడిచేవాళ్ల గురించి నేనన్న మాట మాత్రం వెనక్కి తీసుకోవాలి.

ఇక ఎలా బతికినా ఫర్వాలేదా అన్నారు. పౌలు కూడా ఇదే ప్రశ్న ఎత్తుకున్నాడు, రోమా ఆరో అధ్యాయం మొదట్లోనే ఉంది. నిజానికి ఈ ప్రశ్న పుట్టని కృప ప్రసంగం నాకు అనుమానమే. ఎఫెసీలోనే 2:10 సత్క్రియలు చేయడానికే మనల్ని సృష్టించాడంటుంది. మీ చర్చి లిస్టు తప్పు కాదు. దాన్ని టికెట్టుగా అమ్మితే తప్పు.

ఆరో తేదీ ఆదివారం. నీళ్లు తీశాయి. ఓనరమ్మ కొడుకుతో కలిసి పార పట్టుకుని నాలుగిళ్లలో బురద ఎత్తాను. సాయంత్రానికి చేతులు బొబ్బలెక్కాయి, మనసు తేలిగ్గా ఉంది.

ఇక్కడ నా నోట్‌బుక్ వరదలో కొట్టుకుపోయిందని రాస్తే బాగుండేది. కానీ అది అటక మీదుంది, చుక్క తడవలేదు. పైగా ఆ రాత్రే తీసి "6-12, బురద, 4 ఇళ్లు" అని రాశాను కూడా! 2016 లెంట్‌లోనూ (ఈస్టర్‌కి ముందు ఉపవాసాల కాలం) రాశాను. మార్చి తర్వాత పేజీలు ఖాళీ. ఏ రోజు ఆపానో, ఎందుకు ఆపానో చెప్పమంటే చెప్పలేను.

దశమభాగం ఇప్పటికీ ఇస్తాను. వీలుకాని నెల ఇవ్వను, ఆ రాత్రి నిద్ర పడుతుంది. ఉపవాసమూ ఉంటాను. మొన్న లెంట్‌లో ఒక శుక్రవారం ఆఫీసులో ఎవరిదో బర్త్‌డే కేకు చేతిలో పెడితే మరిచిపోయి తినేశాను. సగం తిన్నాక గుర్తొచ్చింది. మిగతా సగం కూడా తినేశాను.